మంగపతి ఎవురింట్లో ఉండాడు?

ఈసారి రాసేది ధాన్యం రేటు గురించి కాదు, కాలవ నీళ్ళ గురించీ కాదు. సినిమా గురించి. "కోతలైపోయినాయి గదా, ఈనికి పొద్దుపోక రాస్తా ఉండాడు" అనుకుంటే అనుకోండి, అదీ నిజమే. పోస్టు కొంచెం పెద్దది. మధ్యలో నా తప్పు ఒకటి ఒప్పుకోవాల్సి వచ్చింది, అందుకే పెద్దదైంది.

"కోర్ట్ – స్టేట్ వర్సెస్ ఎ నోబడీ" అని 2025 మార్చి 14న ఒక సినిమా వచ్చింది. హీరో నాని తీయించినాడు, రామ్ జగదీష్ అనే కొత్త డైరెక్టరు తీసినాడు. ప్రియదర్శి వకీలు వేషం. పెద్ద హీరో లేడు, ఫైట్లు లేవు, కోర్టు హాలు సీన్లే సినిమాకి ముఖ్యం. ఇది నచ్చకపోతే తన తర్వాతి సినిమా హిట్ 3 చూడొద్దని నాని స్టేజీ ఎక్కి చెప్పినాడు, గుర్తుండే ఉంటది. మార్చి 14 అంటే మనకేంది? కోత మిషన్ కోసం ఎదురుచూసే రోజులు. ఒక పక్క మబ్బు పడితే గుండె జారిపోయే రోజులు. అప్పుడు సినిమా యాడ గుర్తొస్తుంది!

మా అబ్బోడు మాత్రం స్నేహితుల్తో సూళ్ళూరుపేట పోయి చూసొచ్చినాడు. మనకి సూళ్ళూరుపేట అంటే హైవే మీద అరగంట దారి. 2019 ఆగస్టులో ఆడ వంద అడుగులు దాటిన తెరతో థియేటర్ కడితే, దేశమంతా దాని గురించి రాసినారు, మద్రాసు నుంచి కూడా కార్లేసుకోని వచ్చినారు. మా ఇంట్లో ఆడోళ్ళు మాత్రం ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కలేదు. గొడ్లకి మేత ఎవురేస్తారు, పొద్దుగూకితే పాలెవురు పిండతారు? మన ఊళ్ళలో థియేటర్ సినిమా అంటే మగపిలకాయల సినిమానే, ఎన్ని చెప్పుకున్నా.

మావోడు వచ్చి చెప్పింది ఏందంటే, "మంగపతి మాట్లాడేటప్పుడు హాలంతా ఊగిపోయింది నాయనా. చివర్లో వకీలు ఆయన్ని నిలదీసేటప్పుడు ఒకటే ఈలలు" అని. నేను తూకం లెక్కలు చూసుకుంటా సరే సరే అన్నా.

సినిమా ఏప్రిల్ 11న, సరిగ్గా నాలుగు వారాలకి, నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చేసింది. అప్పటికి మా కయ్యలు కోసేసినాం. ఒక రాత్రి బువ్వ తిన్నాక మావోడు టీవీలో పెట్టినాడు. నేను, మా ఇంటామె, మా అమ్మ, ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసొచ్చిన మా పాప, అందరం కూర్చున్నాం. నేను చెప్పాలనుకున్నది ఇదే: ఈ సినిమా థియేటర్లో ఒకటి, ఇంట్లో ఇంకొకటి. థియేటర్లో ఈలలు పడిన చోట మా ఇంట్లో ఎవురూ కిక్కురుమనలేదు.

చూడనోళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. 2013లో, విశాఖపట్నంలో జరుగుతుంది. చందు అని 19 ఏళ్ళ పిలగాడు, పేదింటోడు, చదువు మధ్యలో ఆగిపోయి చిన్నాచితకా పనులు చేసుకుంటా ఉంటాడు. జాబిల్లి అని 17 ఏళ్ళ అమ్మాయి, ఉన్నోళ్ళ పిల్ల. ఇద్దరికీ మనసు కలుస్తుంది. ఆ అమ్మాయికి మామయ్య వరస మంగపతి. ఆ ఇంట్లో ఆడోళ్ళు ఏం కట్టాలో, ఎవురితో మాట్లాడాలో ఆయనే చెప్తాడు. సంగతి తెలిసినాక ఆయన పిలగాణ్ణి కొట్టించి వదిలేయడు. తెలివిగా పోక్సో కేసు పెట్టిస్తాడు. అక్కణ్ణించి జైలు, కోర్టు. మంగపతిగా శివాజీ చేసినాడు. చేసినాడు అనకూడదు, ఆ మనిషే అయిపోయినాడు.

ఇక్కడొక సంగతి. ఇదే శివాజీ 2024 జనవరిలో "నైంటీస్" అనే సిరీస్‌లో లెక్కల మాస్టారు వేషం వేసినాడు. ముగ్గురు పిలకాయల తండ్రి. పైసా పైసా లెక్కేసే మనిషి, గద్దిస్తాడు, భయపెడతాడు. అయినా అందరం "అచ్చం మా నాయనే" అని మురిసిపోయినాం. ఏడాది దాటినాక అదే ముఖం మంగపతిగా వస్తే "దుర్మార్గుడు" అంటా ఉండాం. నాకైతే ఇద్దరి మధ్య దూరం గడప అంతే అనిపించింది. ఇంట్లో మన మాట చెల్లినన్నాళ్ళు మాస్టారే. పిల్ల ఒక్కసారి మన మాట దాటితే మంగపతి లేస్తాడు.

సినిమా మధ్యలో ఒకచోట మా ఇంటామె రిమోట్ తీసుకోని ఆపేసింది. థియేటర్లో ఆపలేం గదా. ఇంట్లో ఆపొచ్చు. ఆపి, ఏం మాట్లాడకుండా లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చుకుంది. ఆ నిశ్శబ్దంలో మా పాప నా వైపు చూడకుండానే అనింది: "ఆ రోజు అర్జీ రాసింది నా రఫ్ నోటు పేజీ చించే గదా నాయనా."

ఇప్పుడు నా సంగతి చెప్తా.

ఏడేళ్ళ కింద మా చుట్టాల్లో ఒకాయన కూతురు ఒక పిలగాడితో మద్రాసు రైలెక్కి పోయింది. ఆ పిలగాడిది కాలనీ. ఇరవై ఏళ్ళుంటాయి, ఐటీఐ చదివినాడు, సెజ్‌లో ఉద్యోగం కోసం తిరుగుతా ఉండాడు. నాలుగో రోజు దొరికినారు. ఆ మధ్య మూడు రాత్రులు మా అరుగు మీదే పంచాయితీ. అమ్మాయి ఇష్టపడి పోయిందని అరుగు మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఫోన్లో వాళ్ళమ్మతో ఆ పిల్లే చెప్పింది. కానీ అనుభవమున్న ఒకాయన అన్నాడు: "కొడితే మన మీదికే వస్తుంది. పిల్ల మైనరు గదా, పోక్సో పెడితే బెయిలు కూడా రాదు, వాడే అణిగిపోతాడు." ఆ మాట అందరికీ తేనెలాగా ఉండింది. మాయమాటలు చెప్పి ఎత్తుకుపోయినాడని రాసినాం. మొదట చిత్తు రాసుకుందామని కాగితం అడిగితే, నీళ్ళిస్తా తిరుగుతా ఉన్న పదేళ్ళ మా పాప నోటు పుస్తకం తెచ్చిచ్చింది. నేనే పేజీ చించినా. సాక్షి సంతకం కూడా నాదే.

ఆ పిలగాడు నెలల తరబడి లోపల ఉండి వచ్చినాడు. తర్వాత ఏళ్ళు వాయిదాలు. ఈలోపు ఆ అమ్మాయికి వేరే సంబంధం చేసి దూరంగా పంపించేసినారు. చివరికి సాక్షులందరం కోర్టులో అడ్డం తిరిగినాం. నేను బోనెక్కి "నాకేం తెలీదు, గుర్తులేదు" అన్నా. రెండు అబద్ధాలు నావి, మొదటిది రాతలో, రెండోది నోటితో. కేసు పోయింది. కేసు పోయిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ పిలగాడికి ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు కూలికి ట్రాక్టర్ తోల్తా ఉండాడు.

మేం కులం పేరు ఆ అర్జీలో ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయాల్సిన పని లేకుండా చట్టమే ఆ పని చేసి పెట్టింది. మన ఊళ్ళలో ఇట్టాంటి కేసులు ఎదురుదిక్కున, అంటే కాలనీ అమ్మాయి మన ఇంటి పిలగాడితో పోయినప్పుడు, ఎన్ని నమోదైనాయో గుర్తుచేసుకోండి. ఆ లెక్క మీరే వేసుకోండి.

సినిమా నాకు ఎక్కడ నచ్చలేదో చెప్తా. మంగపతిని అంత కర్కోటకుడిగా చూపించినందువల్ల మనం తప్పించుకున్నాం. హాల్లో కూర్చున్నోడు "నేను అట్టా కాదులే" అనుకోని ఈల వేయొచ్చు. మా అరుగు మీద కూర్చున్నోళ్ళలో కర్కోటకుడు ఒక్కడూ లేడు. ఒకాయన గుడికి విరాళం ఇచ్చినోడు, ఇంకొకాయన తుఫానప్పుడు కాలనీకి బియ్యం పంచినోడు. ఆ పిలగాడి నాయనకి అప్పిచ్చినోడు కూడా అందులో ఉండాడు. అందరం మంచోళ్ళమే. మంచోళ్ళు ఏడుగురు కూర్చోని ఒక చిత్తు కాగితం రాసినారు, అంతే. ఆ డైరెక్టరు ఈ ఏడుగురి మీద సినిమా తీస్తే ఎవురు ఈల వేస్తారో చూడాలని ఉంది.

ఇక చట్టం సంగతి. నేను లాయర్ని కాదు. కానీ సినిమా చూసినాక తెలిసినోళ్ళని అడిగి, చదివి తెలుసుకున్నా. పోక్సో 2012లో వచ్చిన చట్టం, ఆ ఏడాది నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిది నిండని వాళ్ళు ఎవురైనా, ఆడైనా మగైనా, ఈ చట్టానికి పిలకాయలే. పద్దెనిమిదికి ఒక్క రోజు తక్కువైనా వాళ్ళ ఇష్టానికి చట్టంలో లెక్క లేదు. మామూలు కేసులో నేరం చేసినాడని సర్కారు నిరూపించాలి. ఇందులో 29వ సెక్షన్ ప్రకారం, పెద్ద నేరాలకి, కోర్టు ముందే చేసినాడని అనుకుంటుంది, కాదని ముద్దాయే చూపించుకోవాలి. 2019లో శిక్షలు పెంచినారు. అంతకుముందు ఏడేళ్ళు ఉన్న చోట కనీసం పదేళ్ళు అయింది. పసిబిడ్డల మీద చెయ్యేసేవాళ్ళ కోసం ఇంత గట్టిగా రాసినారు. రాయాల్సిందే. ఆ కత్తిని మనం పరువు కోసం వాడినాం.

ఇందులో నన్ను బాగా కుదిపేసింది వయసు సంగతి. వయసు ఎంతో తేల్చాలంటే జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు చూసేది స్కూలు సర్టిఫికెట్. అది లేకపోతే పంచాయితీయో మున్సిపాలిటీయో ఇచ్చిన పుట్టిన సర్టిఫికెట్. రెండూ లేకపోతేనే డాక్టరు ఎముకల పరీక్ష. మన తరం పిలకాయల స్కూలు సర్టిఫికెట్లు తీసి చూడండి, సగం మంది జూన్‌లోనే పుట్టినట్టుంటది! బళ్ళో వేసేటప్పుడు మాస్టారు "ఎప్పుడు పుట్టినాడబ్బా" అంటే "వరికోతలప్పుడు" అంటాం, ఆయన జూన్ ఒకటి అని రాసేస్తాడు. ఉద్యోగానికి పనికొస్తుందని ఇంకో ఏడాది తగ్గించి రాయించేది కూడా మనమే. మా చుట్టాలమ్మాయికి కాగితం మీద పదిహేడేళ్ళ నాలుగు నెలలు. వాళ్ళమ్మ లెక్కలో పద్దెనిమిది దాటి నాలుగు నెలలు. ఒకటో క్లాసులో వేసేటప్పుడు ఏడాది తగ్గించి రాయించింది వాళ్ళ నాయనే. ఆ సంగతి ఆ మూడు రాత్రుల్లో వాళ్ళమ్మ ఒకసారి అనింది, మేం "నువ్వు గమ్మునుండు" అన్నాం. నేనూ అన్నా. ఆ ఒక్క ఏడాది మీదే పిలగాడు జైల్లో ఉండినాడు.

మరి చట్టం మార్చాలా? 2023 సెప్టెంబర్‌లో లా కమిషన్ తన 283వ నివేదికలో ఇదే చూసింది. వయసుని పదహారుకి దించొద్దనింది. పదహారు, పద్దెనిమిది మధ్య ఉన్నోళ్ళ ఇష్టంతో జరిగిన కేసుల్లో మాత్రం జడ్జీకి శిక్ష విషయంలో కొంత వెసులుబాటు ఇవ్వమనింది. నాకు అది సబబుగానే కనిపిస్తా ఉంది. దించేస్తే ఏమైతదో మనకి తెలీదా? పదిహేనుకే పెళ్ళి చేసి వయసు దిద్దేవాళ్ళు మన మండలంలో లేరా?

2025 మే 23న సుప్రీంకోర్టులో ఒక పశ్చిమ బెంగాల్ కేసు తేలింది. ఆ అమ్మాయి ఇల్లు వదిలిపోయినప్పుడు వయసు పద్నాలుగే. కింది కోర్టు వాడికి ఇరవై ఏళ్ళు వేసింది, 2023లో కలకత్తా హైకోర్టు విడిచిపెట్టింది, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు మళ్ళీ నేరం ఖాయం చేసింది. ఖాయం చేసి, శిక్ష వేసే ముందు కమిటీని పంపి ఆ అమ్మాయినే అడిగించింది. ఇప్పుడామె పెద్దదై, అతన్నే పెళ్ళి చేసుకోని, బిడ్డని పెట్టుకోని, అతన్ని విడిపించుకోవడానికే అప్పులు చేసి కోర్టుల చుట్టూ తిరిగింది. ఆ నేరం కంటే దాని తర్వాత పోలీసులూ కోర్టులూ పెట్టిన తిప్పలే ఆమెని ఎక్కువ బాధపెట్టినాయని చూసి, తన ప్రత్యేక అధికారంతో శిక్ష వేయకుండా వదిలింది. నిజం చెప్తా, పద్నాలుగేళ్ళ పిల్ల అంటే నాకు మనసొప్పదు, అది ప్రేమ అని నేను అనలేను. కానీ సమాజం, ఇంటివాళ్ళు, చట్టం, అందరూ కలిసి ఆమెని వదిలేసినారని పెద్ద కోర్టే అనిందే, ఆ "ఇంటివాళ్ళు" అన్న మాట దగ్గిర నేను ఆగిపోయినా.

ఈ సినిమా చూసి ఇంకో తప్పు దారిలో పోయేవాళ్ళు కూడా ఉండారు. టీ అంగడి కాడ విన్నా: "పోక్సో కేసులన్నీ ఇంతే అబ్బా, అన్నీ దొంగ కేసులే." అది పచ్చి అబద్ధం. మన ఊళ్ళలో దొంగ కేసు కంటే దాచిపెట్టిన కేసే ఎక్కువ. చిన్నపిల్ల మీద ముసలాయన చెయ్యేస్తే, చుట్టపాయన చెయ్యేస్తే ఏం చేస్తాం? పెద్దమనుషులు కూర్చోని, ఇంత డబ్బని మాట్లాడి, "పిల్ల భవిష్యత్తు" అని గమ్మునుండమంటాం. అప్పుడు ఈ చట్టం మనకి గుర్తు రాదు. తెలిసి కూడా చెప్పకపోతే చెప్పనోడికి కూడా ఆరు నెలల దాకా శిక్ష ఉందని 21వ సెక్షన్ చెప్తా ఉంది. దొంగ ఫిర్యాదు రాసినోడికి 22వ సెక్షన్లో శిక్ష ఉంది. రెండు సెక్షన్లూ పక్కపక్కనే ఉండాయి చూడండి. మన అరుగు మీద కూర్చున్నోళ్ళకి రెండూ వర్తిస్తాయి. ఒక సంవత్సరం ఒకటి, ఇంకో సంవత్సరం ఇంకోటి.

పిలకాయల మీద ఏదైనా జరిగితే 1098కి ఫోన్ చేయొచ్చు. వకీలుకి డబ్బుల్లేనోళ్ళకి 15100 నంబరు ఉంది, న్యాయ సేవాధికార సంస్థది. ఆడోళ్ళకి, పిలకాయలకి, ఎస్సీ ఎస్టీలకి, జైల్లో ఉన్నోళ్ళకి ఆదాయంతో పని లేకుండా వకీలుని ఊరికే ఇస్తారు. చందు లాంటోడి నాయనకి ఇది తెలిసి ఉండాలి. మా పిలగాడి నాయనకి తెలీదు. మేం చెప్పలేదు గదా.

ఇంటికొచ్చిన కోర్టు సినిమాలు ఇంతకుముందు కూడా చూసినాం. "నాంది" 2021 ఫిబ్రవరిలో థియేటర్లోకి వచ్చి నెల తిరక్కుండా ఆహాలోకి వచ్చింది, అది కూడా దొంగ కేసు కథే. అదే ఏడాది "వకీల్ సాబ్" వచ్చింది, పవన్ కల్యాణ్ కోసం చూసినాం. నవంబర్లో "జై భీమ్" థియేటర్ గడప తొక్కకుండా నేరుగా ఫోన్లలోకే వచ్చింది. అందులో పొలం గట్ల మీద ఎలకలు పట్టే ఇరులర్లని చూసి అందరం కన్నీళ్ళు పెట్టుకున్నాం. మన గట్ల మీద ఎలకలు పట్టే యానాదులు ఎవురో మనకి తెలుసు. ఊళ్ళో మోటారు పోతే మొదట ఎవురి గుడిసె వెతుకుతామో కూడా తెలుసు. ఆ సినిమా మన మీద అని మాత్రం అనిపించలేదు. తమిళోళ్ళ కథ, పోలీసుల కథ అనుకున్నాం. "కోర్ట్" ఆ సౌకర్యం ఇవ్వలేదు, అందులో తప్పు చేసేది ఇంటాయన కాబట్టి.

సినిమా చివర్లో, చట్టాలు పిలకాయలకి చిన్నప్పటి నుంచే చెప్పాలి అంటారు. మంచి మాటే. కానీ నాకైతే ముందు నాయనలకి చెప్పాలనిపించింది. మా పాపకి ఏది నేరమో మాకంటే బాగా తెలుసు. మేం కూర్చున్న ఆ అరుగు మీద ఎవురికీ తెలీదా అంటే, తెలుసు, బెయిలు రాదు అన్నంత వరకే తెలుసు.

మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఈ సినిమా ఆమెతో కలిసి చూడండి. ఫోన్లో ఒక్కరే చూసేది కాదు. మధ్యలో ఆపండి. ఆమె ఏమంటదో వినండి. మా పాప ఆ రాత్రి ఆ ఒక్క మాట తప్ప ఇంకేం అనలేదు. పొద్దున్నే లేచి నేను తన సర్టిఫికెట్ తీసి చూసినా. జూన్ ఒకటి అనే ఉంది. మా ఇంటామెని అడిగితే, "ఆగస్టులో పుట్టింది, కాన్పుకి మా అమ్మగారింటికి పంపించింది నువ్వే గదా" అనింది.

ఈ మధ్య ధాన్యం తూకం కాడ ఆ పిలగాడి నాయన మూటలెత్తే గుంపులో కనిపించినాడు. ఏడేళ్ళుగా ఇద్దరం ఎదురుపడితే తల తిప్పుకోని పోయేవాళ్ళం. నేనే ముందు పోయి, ఏమన్నా, బాగుండావా అన్నా. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకోని, "పుట్టికి ఎంత పడింది రెడ్డా" అని అడిగినాడు. చెప్పినా. ఇంకేదో అనాలని నోటి దాకా వచ్చింది. అంతలో లారీ వెనక్కి వచ్చింది, ఆయన మూట కిందికి భుజం పెట్టినాడు.